తోమిన తపేలా

ఉదయగిరిలో మా పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను నీళ్ళ మీదే వ్యాసం రాస్తున్నాను. ప్రభుత్వాలను తిడుతూ మూడో పేజీలో ఉన్నాను. ఆ పేజీ అక్కడే ఆగిపోయింది. అప్పట్నించీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆమె హాస్టల్లో వంటమనిషిగా చేసింది. వాళ్ళ వీధికి బోరు నీళ్ళే గతి. కాగితే తపేలా అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, సింకులో చుక్క ఆరితే మచ్చ పడుతుంది. ఆ మచ్చతో ఆమెకు రోజూ పోట్లాటే.

ఒకసారి సాయం చేద్దామని బాత్రూము యాసిడ్ తెచ్చి, అప్పటికే బ్లీచింగ్ చల్లిన ఆమె సింకులో పోయబోయాను. సీసా లాక్కుంది.

"ఏందిరా, ఆ రెండూ కలిస్తే ఊపిరాడదు. అన్ని పుస్తకాలు చదివినావే, ఈ ముక్క దేంట్లోనూ లేదా?"

కిటికీ తెరిచి, సింకును నీళ్ళతో బాగా కడిగేసింది. చింతపండు పులుసులో తడిపిన గుడ్డను మచ్చల మీద పరిచి, అరగంటయ్యాక కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దింది. ఇనప పీచు తాకనివ్వదు, గీతలు పడితే వాటిలో మళ్ళీ పేరుకుంటుందని.

"సున్నానికి పులుపే మొగుడురా. సత్తు గిన్నెలో మాత్రం పులుసు పోసి మరిచిపోబాక, గిన్నెనే తింటాది."

ఆ పనితనం మీదే నాకు కోపం. మచ్చలు పోగొట్టే చిట్కాలు ఆడవాళ్ళకు అందరూ చెబుతారు. ఆ నీళ్ళెందుకు పోస్తున్నారని ఎవడూ అడగడు. ఈ మాట ఆమెతో అంటే, "అట్టయితే పాచి గిన్నెలో తింటావా?" అనేది.

అందుకే ఒక్క తపేలా తోమొద్దని బతిమాలాను. ఆత్మకూరులో అర్జీలు తీసుకునే రోజు ఆ పెచ్చు చూపించి, వీధికి మంచినీళ్ళ కుళాయి అడగాలని. సరేనంది. మూడు నెలలు ఆగాం. అధికారి ముందు ఆమె సంచిలోంచి తపేలా తీసింది. అద్దంలా మెరుస్తోంది.

ఆయన లోపలికి తొంగిచూసి, "నీళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే అమ్మా" అన్నాడు.

బయటికొచ్చి అరిచాను. "తోమొద్దని చెప్పినానా లేదా?"

"అంత పెద్దాయన ముందర పాచి గిన్నె పెట్టమంటావా? మనల్ని ఏమనుకుంటాడు?"

"మనల్ని గాదు పెద్దమ్మా, నీళ్ళని అనుకోవాల."

బస్సెక్కేముందు అంది: "నేను తోమితే పెచ్చు పోయినాది గానీ నీళ్ళు మారలేదు గదరా. మళ్ళీ కడతాది. ఈసారి చెయ్యి పెట్టనులే."

కర్మకాండ రోజు వంటింట్లో గిన్నెలన్నీ మెరుస్తున్నాయి. పొయ్యి పక్కన ఒక్క తపేలా మాత్రం, అడుగున వేలి మందాన పెచ్చుతో. చుట్టాలావిడ ఒకరు జాలిపడి చింతపండు పిసుకుతుంటే పెద్దమ్మ కోడలు తపేలా లాగేసుకుంది.

"వద్దు పిన్నమ్మా. దాన్ని ముట్టుకుంటే చేతులిరుస్తానన్నాది మా అత్త. చూసినప్పుడల్లా చేతులు గుడ్డలో చుట్టుకుని పక్కకి పోయేది."

ఆ తపేలా ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. ఆత్మకూరు బస్సు. పక్క సీటాయన తొంగిచూసి, "ఏంది సార్, తోమకుండానే తెచ్చుకున్నారే" అన్నాడు. గుంట వచ్చినప్పుడల్లా అడుగున ఊడిన ఒక పెచ్చు ముక్క గలగలమంటోంది. అది బయట పడకుండా తపేలా మూతి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.