పీట పొగ

కాగితాల ప్రకారం లింబాద్రి ‘క్లీనర్’. నిజానికి కువైట్‌లో, సబ్హాన్‌లోని ఆ గోదాములో ఇరవయ్యొక్క ఏళ్లుగా చాయ్ పెట్టేది అతనే, పదిమందికి వండిపెట్టేది అతనే, తప్పు ఎవరిదో తేలనప్పుడు తిట్లు తినేదీ అతనే. ఒక్క మనిషి మీద ఇంత భారం పడటం చూసి యజమాని కొడుకు బదర్ మనసు కరిగిపోయి ఒక చాయ్ మిషన్ కొన్నాడు. లింబాద్రి ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే అనుమతి, నెలాఖరుతో అయిపోతుంది. మిషన్‌కు ఇఖామా అక్కర్లేదు.

బదర్ అమెరికాలో, కెంటకీలో నాలుగేళ్లు చదివాడు. చదువు మాటెలా ఉన్నా నాలుక మాత్రం పట్టా పుచ్చుకుని వచ్చింది. అక్కడ విస్కీని మొక్కజొన్నతో చేసి, లోపల కాల్చిన ఓక్ పీపాల్లో నిలవ ఉంచుతారట. ఆ తియ్యదనం మొహం మొత్తి, ఈమధ్య కొందరు స్కాట్లండ్ వాళ్లలాగా దానికి పీట్ పొగ తగిలించి చూస్తున్నారట. పీట్ అంటే చిత్తడి నేలల్లో గడ్డీ నాచూ వేల ఏళ్లు మురిగి గట్టిపడిన మట్టి. అంత దూరం వెళ్లి, అంత చదివి, మట్టి పొగ మీద మనసు పారేసుకుని వచ్చాడు బదర్. కువైట్‌లో మందు నిషేధం. అందుకని మత్తు తీసేసి పొగ మాత్రం ఉంచిన విస్కీ తయారుచేస్తానన్నాడు. పెళ్లి మానేసి ఊరేగింపు ఒక్కటి జరుపుతానన్నట్టు.

ఈ మహాకార్యానికి శాస్త్రవేత్త కడప అన్వర్ బాషా. ఒకప్పుడు జ్యూస్ ఫ్యాక్టరీలో మూతలు బిగించిన అనుభవం ఉంది కాబట్టి ఆ పదవి అతన్ని వరించింది. మొలకెత్తిన బార్లీకి పొగ పట్టించాలి, ఉడికించి వడకట్టాలి, ఆ రసంలో కాల్చిన ఓక్ ముక్కలు నానబెట్టాలి. పులియబెట్టే పని లేదు. పొగ పెట్టాల్సిన రోజున అన్వర్ సీసాల కోసం షువైఖ్ పోర్టుకు వెళ్లాడు. బదర్ తనకొచ్చిన హిందీలో లింబాద్రికి పని అప్పగించాడు.

“పీట్ జలావ్. ఒరిజినల్ పీట్. పొగ బాగొస్తే ఇఖామా. లేకపోతే ఖలాస్.”

లింబాద్రి ఆలోచనలో పడ్డాడు. హిందీలో పీఠ్ అంటే వీపు. వీపు కాలడం ఇక్కడి ఎండలో ఎప్పుడో పూర్తయింది. ఇక మిగిలింది పీట.

గోదాము మొత్తానికి ఉన్న పీట ఒక్కటే, అతనిదే. పెళ్లినాడు తనూ భాగ్యలతా కూర్చున్న రెండు పీటల్లో ఒకటి. పీట లేనిదే అన్నం సయించని మనిషి, పెళ్లయిన ఆరు నెలలకు కువైట్ వస్తూ దాన్ని బ్యాగులో పెట్టుకొచ్చాడు. ఉల్లిపాయలు తరగడం, తినడం, ఫోన్లో ఇంటితో మాట్లాడటం అన్నీ దాని మీదే. అమెరికా వాళ్లకు పీటలు తగలబెట్టే ఖర్మ ఏం పట్టిందో అతనికి అంతుపట్టలేదు. కానీ ఇఖామా ముఖ్యం. గొడ్డలితో నాలుగు ముక్కలు చేశాడు. మూడో దెబ్బకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ ఇంకా రాలేదు కాబట్టి పొగ వల్ల అనుకోవడానికీ లేదు.

ఇరవయ్యొక్క ఏళ్ల ఉల్లి ఘాటు, మసాలా నూనె, లింబాద్రి చెమట అన్నీ పొగై బార్లీకి పట్టాయి. మూడు రోజులు నానిన రసం తాగి బదర్ కళ్లు మూసుకున్నాడు. కెంటకీ కళ్లముందు కనబడిందన్నాడు. తడి అడవి వాసన తెలుస్తోందన్నాడు. అమెరికా నుంచి అతిథులొస్తున్నారు, ఇంకో విడత చెయ్యి, అప్పుడు సంతకం పెడతానన్నాడు.

అసలు సంగతి అన్వర్ కనిపెట్టాడు. “లింబాద్రన్నా, పీట్ మూట తగ్గనే లేదు గదా. నువ్వేం కాల్చినావు?”

“పీటనే.”

“ఏ పీట?”

“నా పీట.”

లింబాద్రి మామూలు మట్టి అనుకుని కొత్తిమీర కుండీకి రెండు గుప్పిళ్లు తీసుకున్న మూటే పీట్ మూట. అన్వర్ తలపట్టుకుని, ఈసారి అసలు పీట్ కాల్చి కొద్దిగా రసం రుచికి తీసుకెళ్లాడు. బదర్ నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. “డూప్లికేట్,” అన్నాడు. “పాతదే కావాలి.”

లింబాద్రి ఇంటికి ఫోన్ చేశాడు. “భాగ్యా, మనూరి జలంధర్ ఇక్కడికి వస్తుండు గదా, ఆనితోని నీ పీట పంపు.”

“నీదేమాయె?”

చెప్పాడు.

“రెండు పీటల మీద గా ఒక్కనాడే కూసున్నం,” అంది భాగ్యలత. “అటెన్క నువ్వు రెండేండ్లకోపారి సుట్టం లెక్క వచ్చి పోతున్నవ్. పంపుత తీయి. ఒక్కదాన్నే కూసోని ఏం జేస్త?”

పీట పాత చీరలో చుట్టుకుని వచ్చింది. మూలల్లో పసుపు ఇంకా ఉంది. లింబాద్రి దాన్ని పొయ్యి పక్కన పెట్టాడు. గొడ్డలి తెచ్చాడు. తర్వాత గొడ్డలి గోడకు ఆనించి, పీట మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏడ్చాడు.

బదర్ చేతిలో ఇఖామా కాగితం, పెన్నుతో వచ్చాడు. ఇరవయ్యొక్క ఏళ్లలో మొదటిసారి లింబాద్రి యజమానిని చూసి లేవలేదు.

“పీట్?”

“పీట్ ఖలాస్, సర్.”

అమెరికా అతిథులకు మిషన్ చాయ్ ఇచ్చారు. దానికి ఏ పొగా లేదు.

నెలాఖరున లింబాద్రి పీట చంకన పెట్టుకుని ఇంటి గుమ్మంలో దిగాడు. భాగ్యలత దాన్నీ అతన్నీ చూసింది.

“ఒక్కటే ఉన్నది గదా. ఇద్దరం ఎట్ల కూసుందాం?”

“నువ్వు పీట మీద కూసో,” అన్నాడు. “నేను కింద కూసుంట. ఇగ ఎటూ పోను.”