నూకరాజు భుజం లాగింది ఎవరు?

హేతువాదిగా నాటువైద్యాన్ని విమర్శిస్తూ నేను రాసిన వ్యాసాల్లో అందరూ మెచ్చుకున్నదాన్ని నేను మళ్లీ చదవలేను. పదకొండేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. మీరూ దాన్ని చదివే ఉంటారు. అందులో ఒక అబద్ధం ఉంది.

అనకాపల్లి పక్కన మా చెరకు తోటలో, నాకు వరసకు బావమరిది నూకరాజు ట్రాక్టరు లోడు మీద నుంచి పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. ప్రథమ చికిత్స శిబిరంలో ఒకసారి చూసిన విద్య నాకుంది. నాటువైద్యుడు చేసేది సైన్సు తెలిసిన నేను చేయలేనా? చంకలో కాలు పెట్టి చేతిని లాగాను. కీలు టక్కున పడింది. ఎంత పొంగిపోయానో!

"బావా, సెయ్యి సల్లబడిపోతంది" అన్నాడు నూకరాజు.

"భయం. అంతే."

నూకరాజు కేక విని పక్క పొలం నుంచి సింహాద్రి వచ్చాడు. ఎముకలు కట్టే నాటువైద్యుడు. నేను సభల్లో వెక్కిరించేది అతన్నే.

"ఏటి మేస్టారూ, మీరే లాగీసేరా?"

సింహాద్రి నూకరాజు రెండు మణికట్లూ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మంత్రమా?" అన్నాను.

"మంత్రం నేదు, గింత్రం నేదు. ఈ సేతిలో నాడి ఆడతంది, ఈ సేతిలో ఆడట్నేదు. మీరూ సూడండి. ఇది నా వల్ల కాదు, కట్టు కట్టను. బేగి ఇశాపట్నం పట్టుకెల్లిపోండి."

చూశాను. కుడి చేయి పాలిపోయి చల్లగా ఉంది. నాడి లేదు.

చంక కింద పెద్ద రక్తనాళం చిరిగిందన్నారు విశాఖ డాక్టరు. కాలి నుంచి రక్తనాళం ముక్క తీసి అతికారు. ఇంకాస్త ఆలస్యమైతే చేయి తీసేయాల్సి వచ్చేదట. ఎవరు లాగారని అడిగారు.

"మా ఊరి నాటువైద్యుడు" అన్నాను.

నూకరాజు నా వైపు చూశాడు. అవునన్నట్టు తలూపాడు. నా పరువు కాపాడాడు. ఆ చేత్తో ఇప్పటికీ కత్తి గట్టిగా పట్టలేడు. నేను అక్కడితో ఆగానా? అదే అబద్ధాన్ని వ్యాసం చేశాను. చప్పట్లు కొట్టించుకున్నాను. సింహాద్రి దగ్గరికి జనం రావడం తగ్గిపోయింది. అతను నిజం చెప్పినా మేష్టారిని కాదని ఎవరు నమ్ముతారు?

రెండు చేతులూ పోల్చి చూడడం, కళ్ల ముందున్నదాన్ని ఒప్పుకోవడం, తెలియనిచోట ఆగిపోవడం: వీటినే కదా నేను జీవితమంతా బోధించింది? ఆ రోజు ఆ తోటలో వాటిని చేసి చూపించిన హేతువాది సింహాద్రి ఒక్కడే. ఇలా రాస్తుంటే సిగ్గు కంటే అతని మీద గౌరవమే ఎక్కువగా కలుగుతోంది. అతను క్షమించాలని అడగను. ఆ వ్యాసంలో ఉండాల్సిన వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను, అంతే.

నూకరాజు భుజం లాగింది నేను. చేయి దక్కించింది సింహాద్రి.