నిట్రాడుకు కాలిన ఆయిలు

నా పాత జీపు కిందికి దూరడానికి గొయ్యి తవ్వాల్సిన పని లేదు, జాకీ ఎత్తాల్సిన పని లేదు. వెల్లకిలా పడుకొని భుజాలతో జరుగుతూ పోతే ఇంజను అడుగు సరిగ్గా మొహం మీదికి వచ్చేది. పంతొమ్మిది నంబరు పానా తగిలించి గట్టిగా ఒక్క గుంజు గుంజితే బోల్టు కదిలేది. ఆయిలు సలసల కాగుతూ నల్లగా బేసిన్లోకి దిగేది. చెయ్యి జల్దీగా తియ్యకపోతే మోచేతి దాకా బొబ్బలే. ఫిల్టరు మొండికేస్తే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పేవాణ్ణి. ములకలపల్లి నుంచి పాల్వంచకు ప్యాసింజర్లను తోలుకుంటూ బతికే నేను, ఏ మెకానిక్కు ముందూ ఆ పని కోసం నిలబడి ఎరగను.

తీసిన ఆయిలును మా వైపు ఎవరూ పారబొయ్యరు. అడవి అంచు నేల, ఎక్కడ తవ్వినా చెదలే. భూమిలో పాతిన కర్ర ఒక్క వానాకాలంలో మట్టయిపోతుంది. అందుకని ఇంటి గుంజల మొదళ్ళకు కాలిన ఆయిలు పూస్తారు. నా జీపు ఆయిలు మాత్రం ఒక మనిషిదే అని ఊరందరికీ తెలుసు. మా ఇల్లు దాటితే వచ్చే కోయగూడెంలో ఒక అక్క ఉండేది. అక్కంటే తోడబుట్టింది కాదు, పిలుపు అలా పడిపోయింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఎండాకాలం తునికాకు, ఆ తర్వాత పత్తి కూలి. నేను బండి కిందికి దూరిన వాసన ఎలా తగిలేదో ఏమో, రేకు డబ్బా పట్టుకొని వచ్చి గోడ నీడన కూర్చునేది.

"తమ్మీ, తీసినవా?"

"ఆగక్కా, డబ్బా కాల్తది. నీ తొందర పాడుగాను!"

"వానలు ఆగుతయా నాకోసం?"

ఆమె ఇల్లంతా ఒక్క గుంజ మీద ఉండేది. నడిమి గుంజ, నిట్రాడు. పెళ్ళయిన కొత్తలో మొగుడు అడవిలోంచి మద్దికర్ర మోసుకొచ్చి, తన చేత్తోనే పాతాడట. కప్పు బరువంతా దాని నెత్తి మీదే. మొదటి గుడ్డ ఆయిలు దానికి పూశాకే మిగతా గుంజల వైపు చూసేది. ఆ రోజులు వేరు. ఇప్పుడు అడవిలో అలాంటి కర్ర మీద గొడ్డలి పడితే ఫారెస్టువాళ్ళు కేసు రాస్తారు.

"ఇది నేనున్నన్ని దినాలు నిలవడాలె తమ్మీ," అనేది దాన్ని తడుముతూ. "ఇది పడితే ఇంకోటి ఏడికెల్లి తెస్త?"

జీపు ఫ్లోరు తుప్పుపట్టి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు రాకపోయేసరికి దాన్ని అమ్మేసి, ఖమ్మం షోరూములో కొత్త బండి తీసుకున్నాను. అద్దాలు, ఏసీ, మెత్తటి సీట్లు. ఊరంతా వచ్చి చూసింది. అక్క కూడా వచ్చి బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి ఒక్కటే అడిగింది.

"దీంట్ల గూడ ఆయిలుంటదా?"

"ఎందుకుండదక్కా? పాతదానికంటే ఎక్కువే పడుతది!" అన్నాను, గొప్పగా.

మొదటి సర్వీసు షోరూములోనే చెయ్యాలన్నారు. డిక్కీలో అక్క డబ్బా పెట్టుకొని పోయాను. బండిని లోపలికి తీసుకుపోయి, నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చల్లని నీళ్ళిచ్చారు. అద్దంలోంచి చూస్తుంటే నా బండి గాల్లోకి లేచింది. లేచి వెళ్ళి, ఆ తీసిన ఆయిలు నాకివ్వమన్నాను. టై కట్టుకున్న పిల్లగాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"అది ఇవ్వరు సార్. డ్రమ్ములకు పోతది, కంపెనీ లారీ వచ్చి తీస్కపోతది."

"నా ఇంజన్ల ఆయిలయ్యా అది! పైసలు పెట్టి నేనే పోయించిన."

"అవ్ సార్, కని రూల్ గట్లుంది."

ఒళ్ళు మండిపోయింది. ఎంత గొంతు చించుకున్నా ఏం లాభం! బయటికి పంపించేటప్పుడు కూడా సార్ అనే అన్నారు. తల్లాడ దాటేదాకా ఒంటరిగా తిట్టుకుంటూనే ఉన్నాను. డిక్కీలో ఖాళీ డబ్బా ప్రతి గుంతకూ ఎగిరిపడి చప్పుడు చేస్తూనే ఉంది.

"వచ్చేసారి ఇంటికాడనే మారుస్తనక్కా," అని ఆమెకు మాటిచ్చాను. ఆ మాట అనేటప్పటికి నేను ఆ బండి అడుగు ఒక్కసారి కూడా చూడలేదు.

వానలకు ముందు ఒక పొద్దున మొదలుపెట్టాను. బండి కడుపు నేలకు ఎంత దగ్గరగా ఉందంటే తల కూడా దూరలేదు. బండరాళ్ళ మీదికి చక్రాలు ఎక్కించి, ఎట్లాగో పాక్కుంటూ పోయాను. పైకి చూస్తే ఇంజనే లేదు! అడుగంతా నల్లటి ప్లాస్టిక్ పలక మూసేసి ఉంది. దానికి స్క్రూలు, క్లిప్పులు. క్లిప్పులు తీస్తుంటే పుటుక్కుమని విరిగాయి. పలక దించితే బోల్టు కనపడింది కానీ నా పానాకు పట్టు చిక్కే తల లేదు, నడుమ నక్షత్రం లాంటి గుంత ఉంది. ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ అందులో దూర్చి చూశాను. చివరికి ఒకదాన్ని సుత్తితో దిగ్గొట్టి తిప్పితే గుంత అంచులు నలిగి నున్నగా అయిపోయాయి. ఫిల్టరన్నా దొరుకుతుందేమోనని వెతికితే కింద లేనే లేదు. పైన, పైపుల వెనక, చెయ్యి పట్టని సందులో ఒక ప్లాస్టిక్ మూత. దానికీ వాళ్ళ దగ్గరుండే పనిముట్టే కావాలి.

చుక్క ఆయిలు దిగలేదు. సొంత బండి కింద దొంగలా పడి ఉన్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే. చెమటో కన్నీళ్ళో ఎవరికి తెలుస్తుందిలే అని అలాగే కాసేపు పడుకున్నాను. అవతల అక్క కాళ్ళు, కాళ్ళ పక్కన డబ్బా కనిపిస్తున్నాయి. పొద్దున వచ్చిన మనిషి, ఎండ నడినెత్తికి వచ్చినా కదల్లేదు.

"రాలేదా తమ్మీ?"

"రాదక్కా. ఇది మనం తీసేది కాదు."

"పోనీ తియ్. చెయ్యి నెత్తురొస్తుంది, కడుక్కో," అని డబ్బా తీసుకొని వెళ్ళిపోయింది. ఒక్క మాటన్నా అంటే బాగుండు అనిపించింది.

నలిగిన బోల్టు చూసి షోరూమువాళ్ళు వారంటీ పోయిందన్నారు. ఇకమీదట ముట్టుకోవద్దని కూడా చెప్పారు. నా బండిని నేను ముట్టుకోవద్దంట! వినాల్సిన రోజులొచ్చాయి, విన్నాను.

వేరే దగ్గర అడగలేదా అంటే, అడిగాను. మెకానిక్ షెడ్లలో ఆయిలంతా సెంట్రింగు పనివాళ్ళు పలకలకు పూసుకోడానికి ముందే చెప్పుకొని పెట్టుకుంటున్నారు. ట్రాక్టరున్న రైతు తన కొట్టం గుంజలకే చాలదన్నాడు. బతిమాలితే సీసాలో సగం పోశాడు. అక్క దాన్ని నిట్రాడు మొదలుకు మాత్రం పూసి, సీసా బోర్లించి అడుగు చుక్కలు కూడా కార్చుకుంది. తరువాతి ఏడు అది కూడా దొరకలేదు. గుంజ మీద చెదలు మట్టి గీతలు పెట్టుకుంటూ పైకి పాకాయి. రోజూ పొద్దున్నే లేచి చీపురు పుల్లతో గీకేసేది. పొయ్యిలో బూడిద తెచ్చి పోసేది.

వాన వదలకుండా కొట్టిన వారంలో, ఆమె నాట్లకు పోయినప్పుడు ఇల్లు కూర్చుండిపోయింది. కబురు విని పరుగెత్తాను. నిట్రాడు నడుముకు విరిగి పడి ఉంది. పైన మాత్రం నా జీపు ఆయిలు ఏళ్ళ తరబడి తాగిన తోలు నల్లగా, నున్నగా ఇంకా మెరుస్తూనే ఉంది. లోపల కర్ర లేదు, మట్టి. వేలు పెడితే మోచెయ్యి దాకా పోయింది. అక్క పక్కనే నిలబడి చూస్తోంది.

కొత్త కర్రకు ఫారెస్టువాళ్ళు ఒప్పుకోలేదు. సర్కారు ఇల్లు ఇవ్వాలంటే జాగాకు పట్టా చూపించమన్నారు. ఆ జాగా అడవిదైతే పట్టా ఎక్కడిది? భద్రాచలం అవతల చెల్లెలి ఊరికి పోతానంది. నా బండిలోనే తీసుకుపోయాను. గిన్నెలు, ఒక దుప్పటి, గొడ్డలి వెనక పెట్టాం. ఆయిలు డబ్బా మాత్రం కాళ్ళ దగ్గర పెట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

గోదావరి వంతెన మీదికి ఎక్కేసరికి నా ముందున్న మీటరు దగ్గర చిన్న దీపం వెలిగింది. దాని మీద పానా బొమ్మ ఉంటుంది.

"గా బొమ్మ ఏంది తమ్మీ?"

"ఆయిలు మార్చమంటుందక్కా."

ఆమె వంగి, కాళ్ళ దగ్గరి డబ్బా తీసి నా సీటు పక్కన పెట్టింది.

"ఈ డబ్బ మనూళ్ళె ఎవలకన్న ఇయ్యి తమ్మీ. గుంజలున్నోళ్ళకు."

అట్లాగేనక్కా అన్నాను.