సున్నం అన్నాక అంటుతుంది

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. తమ్ముడి భార్యతో మాటలేమిటని ఆయన పద్ధతి. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే నా గది గుమ్మంలో నిలబడి, గోడ వైపు చూస్తూ చెప్పేవారు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒళ్లు మండేది. ఆ తర్వాత నేనూ గోడకే జవాబు చెప్పడం నేర్చుకున్నాను.

ఆ గోడ రాతి గోడ. టేకులపల్లి దగ్గర, అడవి అంచున, ఎవరో కలప వ్యాపారి ఎప్పుడో కట్టించుకున్న ఇల్లది. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన కొత్తల్లో దాన్ని కొన్నారట. మూరెడు మందాన రాయి మీద రాయి, మధ్యలో సున్నమూ మట్టీ. డెబ్బైల చివర నేను కాపురానికి వచ్చేనాటికి గదులన్నిటికీ ఏటా సున్నమే కొట్టేవాళ్లు. నా కూతురు పుట్టిన ఏడు బావగారు ఖమ్మం నుంచి ఆయిల్ పెయింటు డబ్బాలు దింపారు. పిస్తా రంగు. గోడలో ముఖం చూసుకోవచ్చని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. కొందరు చూసుకున్నారు కూడా.

మొదటి వానాకాలానికే గోడకు చెమట పట్టింది. రెండో వానాకాలానికి పెయింటు కింద పొక్కులు లేచాయి. గోటితో గిచ్చితే కంపు నీళ్లు కారేవి. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ గదిలోనే నాకు తెలిసింది. పిల్లకు ఒకటే దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. మంచం గోడకు దూరంగా లాగితే కాస్త నయం, దగ్గరికి జరిపితే మళ్లీ మొదలు. కొత్తగూడెం దవాఖానాలో డాక్టరు, చెమ్మ తగలకుండా చూడమన్నాడు. గోడ వల్లే అని ఆయన అనలేదు. నేనన్నాను.

బావగారు గుమ్మంలోకి వచ్చి గోడకు చెప్పారు. "ఈ గాలి పడకపోతే పిల్లనీ వాళ్లమ్మనీ ఎర్రుపాలెం పంపించెయ్యండి. అంతేగానీ లక్షణంగా ఉన్న రంగుకి వంకలు పెట్టొద్దు."

ఎర్రుపాలెం నా పుట్టిల్లు. అంటే నేనూ నా పిల్లా ఇల్లు వదిలి పోవాలి, పెయింటు మాత్రం ఇంట్లో ఉండాలి. నాకు ఏడుపు రాలేదు. చేతుల్ని ఊరుకోనివ్వని కోపం వచ్చింది.

"గోడా, పోతే రంగు పోతుంది. మేం పోం," అన్నాను.

దసరా వెళ్లి వానలు తగ్గాక, మగవాళ్లు చేలకు పోగానే వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గోకడం మొదలుపెట్టాను. పెయింటు తోలులా ఊడివచ్చింది. దాని వెనక రాయి తడిసి నల్లగా ఉంది. చప్పుడుకు అత్తయ్య పరుగున వచ్చి నోరు నొక్కుకుంది.

"ఓసి నీ దుంప తెగ! రేపు అట్లు దేంతో తిరగెయ్యనే?"

"ఈ వారం ఇడ్లీ వేసుకుందాం అత్తయ్యా."

సాయంత్రం మా ఆయన ఆ గోడను చూసి మంచం మీద కూలబడ్డారు. "అన్నయ్య ఎముకలు సున్నం చేస్తాడు," అన్నారు. "చేస్తే మంచిదే, కొనే పని తప్పుతుంది," అన్నాను. ఆయన నవ్వారు. నవ్వినందుకు ఆయన మీద నాకున్న కోపం సగం తగ్గింది.

గోకడానికి పది రోజులు పట్టింది. కిటికీలు తెరిచి గోడను నెల్లాళ్లు ఆరనిచ్చాను. అన్నాళ్లూ మేం వంటింటి పక్క వసారాలోనే పడుకున్నాం. వాగు అవతలి ఊరి నుంచి తపసి చెట్టు బంక, కరక్కాయలు అమ్మడానికి వచ్చే ఒక ముసలామె ఆ రాళ్లు చూసి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, ఇల్లు ఇప్పుతున్నవా?"

"సున్నం కొట్టాలవ్వా."

"గట్లయితే బంక నానేసి అండ్ల కలుపు. సున్నం మజ్జిగ తీరు పల్చగుండాలె. ముందుగాల గోడను తడుపు. జల్దీ జల్దీ అంటే ఊడిపోతది."

అన్నీ విన్నాను. సున్నపు రాళ్లు డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికాయి. చల్లారాక పాత పంచెలో వడకట్టి, బంక నీళ్లు కలిపి, చిటికెడు నీలిమందు వేసి ఒక పూత పూశాను. తడిమీద ఏమీ కనిపించలేదు. బావగారు వచ్చి గోడతో, "నీళ్లు చల్లినట్టుంది గానీ సున్నం కొట్టినట్టు లేదే!" అని నవ్వారు. నాకు రోషం వచ్చింది. మర్నాటికల్లా తెల్లబడుతుందని తెలిసి కూడా, అప్పటికప్పుడే పెరుగంత చిక్కగా కలిపి మెత్తాను. తెల్లారేసరికి గోడ మల్లెపువ్వులా ఉంది. నాలుగో రోజుకు అప్పడాల్లా పెచ్చులు లేచి రాలింది. బావగారు ఈసారి నవ్వడానికే వచ్చారు.

తప్పు నాదే. ముసలామె మళ్లీ వచ్చినప్పుడు తల కొట్టుకుంది. "ఆయన నవ్విండని గోడ ఎక్కువ తాగుతదా బిడ్డా?"

మళ్లీ గోకాను. ఈసారి మజ్జిగలాంటి సున్నం, రోజు విడిచి రోజు మూడు పూతలు. మెరుపు లేదు, ముఖం కనపడదు. మరుసటి వానల్లో గోడ అక్కడక్కడా బూడిదరంగుకు తిరిగి, ఎండ కాయగానే తనంతట తానే ఆరింది. పొక్కు లేదు, కంపు లేదు. పిల్ల దగ్గు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను గానీ, గోడ మీద కాలు వేసుకుని హాయిగా నిద్రపోయేది. నేను ఎర్రుపాలెం వెళ్లలేదు. పండక్కి కూడా వెళ్లలేదు, మొండితనంతో.

బావగారికి కొత్త వంక దొరికింది. "ఆ గదిలోంచి ఎవరొచ్చినా వీపున సున్నమే. నలుగురిలో పరువు పోతోంది."

"సున్నం అన్నాక అంటుతుంది గోడా. అంటకూడదనుకునేవాళ్లు దూరంగా కూర్చోవాలి."

ఏటా దసరా వెళ్లాక నా గదికి నేనే సున్నం కొట్టుకున్నాను. ఆయన తన గదిలో పొక్కుల మీదే మళ్లీ మళ్లీ పిస్తా రంగు వేయించుకున్నారు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా కుందేటికీ అంతే అనుకోండి.

తొంభైల్లో ఆయనకు ఆయాసం పట్టుకుంది. ఒక వానాకాలపు మధ్యాహ్నం నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అలవాటు కొద్దీ గోడను చూశారు. తర్వాత నన్ను చూశారు.

"అమ్మాయ్, నా గదిలో ఊపిరాడటం లేదు. కాసేపు ఇక్కడ నడుం వాల్చనా?"

పదిహేనేళ్లలో నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"సున్నం అంటుద్ది బావగారూ," అన్నాను.

"అంటనీలే."

మంచం గోడకు ఆనించే వేశాను. జాలిపడ్డాను, నిజమే. అంతకు రెండింతలు సంతోషించాను. సాయంత్రం ఆయన నిద్రలేచి, వీధి వసారాలో తనకోసం కూర్చున్న నలుగురి దగ్గరికి బయల్దేరారు. మెడ నుంచి నడుం దాకా చొక్కా తెల్లగా ఉంది. అత్తయ్య గబగబా కొంగు పట్టుకుని దులపబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ వీపు అలాగే నలుగురిలోకీ వెళ్లింది.