బావ తెచ్చిన మూట

నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది ఒక లకుముకిపిట్ట. దాన్ని నమ్మి నేను చేసిన ఘనకార్యం వింటే మీరు పుస్తకాలు చదవడం మానేసినా మానేస్తారు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. డైరీతో తప్ప ఎవరితోనూ మాట్లాడని పిల్లను. చిన్నకోడూరులో ఉండే మేనత్త కొడుకంటే చెప్పలేనంత ఇష్టం. ఆ చెప్పలేకపోవడంతోనే వచ్చింది చిక్కు.

పొద్దున్నే అవ్వ, అంటే మా అమ్మ, హెచ్చరించింది. “ఇయ్యాల బావ వస్తుండు. ఇష్టమో కాదో నువ్వే చెప్పాల్నట. నోరు తెరవకుంటే వాళ్లు అక్కన్నపేట పిల్లను ఖాయం జేసుకుంటరు.”

“నువ్వే చెప్పరాదే అవ్వా?”

“పెండ్లి నాకా, నీకా?”

వెంటనే గదిలో దూరి, గ్రంథాలయం నుంచి తెప్పించుకున్న జంతువుల పుస్తకం తెరిచాను. మగ లకుముకిపిట్ట చేపను తెచ్చి ఆడపిట్టకు ఇస్తుందట. తిండి తేగలిగినవాడే రేపు పిల్లల్నీ సాకుతాడని ఆమె లెక్క. అలా తెచ్చినవాళ్లకే తరతరాలుగా జోడీ కుదిరి, ఆ అలవాటు నిలిచిపోయిందట. కొన్ని మగ సాలీళ్లయితే ఉత్త ఈగ డొక్కను దారాల్లో చుట్టి ఇచ్చి మోసం కూడా చేస్తాయి! సరే, ఆడపిట్ట చేపను అందుకుని తిన్నదా, ఒప్పుకున్నట్టే. ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. ఎంత హాయి!

మధ్యాహ్నం బావ వచ్చాడు. చంకలో గుడ్డమూట. దాన్ని అరుగు మీద, బాపు పక్కన పెట్టాడు. నేను తలవంచుకుని వెళ్లి మూట విప్పాను. సాలీడు మోసం కాదు. గోధుమరంగు పలకలు, పల్లీల వాసన. పల్లిపట్టీ! బావ కళ్లలోకి చూస్తూ కొరికాను. పన్ను కదిలింది. నోట్లో ఇసుక కరకరలాడింది. ప్రేమ కదా, నమిలాను. రెండో ముక్క కూడా కొరికాను.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా!” బాపు లేచి నిలబడ్డాడు. “గది బర్రె దాణా! మొన్న ఈనిన బర్రెకని, పల్లినూనె తీసినంక మిగిలే గానుగపిండి నేనే తెమ్మన్న!”

“అయ్యో, పిల్లకు బువ్వ పెడ్తలేమనుకుంటడు గదా!” అని అవ్వ తల పట్టుకుంది.

కొట్టంలోంచి బర్రె అరిచింది, తన కానుక ముట్టుకున్నానని కాబోలు.

మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. బావ మెల్లగా అడిగాడు. “ఎందుకు తిన్నవు?”

“నువ్వు తెచ్చినవని” అన్నాను, మూతి నుంచి పిండి రాలుతుంటే. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

బావ బాపు వైపు తిరిగాడు. “మామా, ఇగ అడిగేదేం లేదు. గానుగపిండి తిన్న పిల్ల మా అవ్వ వంట గూడ తింటది. ముహూర్తం బెట్టుండ్రి.”

పెళ్లయింది. అందుకని ఈ డైరీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఆయన ఏ మూట తెచ్చినా ముందు బర్రెకు చూపిస్తాను. అది మొహం తిప్పుకుంటేనే నేను ముట్టుకుంటాను.