స్నూకర్ కర్రకి పసుపు

దసరా వస్తోందని మొన్న అటక దులుపుతుంటే పొడుగాటి తోలుసంచీ ఒకటి చేతికి తగిలింది. మూత తియ్యగానే నీలం సుద్దముక్క వాసన, అవిసెనూనె వాసన, వాటి అడుగున ఎక్కడో పాత పసుపు వాసన కలిసి గుప్పుమనేసరికి, యాభై దాటిన నేను నిచ్చెన మెట్టు మీదే కూలబడిపోయాను. అది మా బాబాయి స్నూకర్ ఆడిన కర్ర. క్యూ అనాలిట, మా ఇంట్లో మాత్రం కర్రే.

బాబాయి పేరు సత్తిబాబు. రాజమండ్రిలో ఒక క్లబ్బులో మార్కరు. పెద్దవాళ్లు ఆడుతుంటే పాయింట్లు చెప్పడం, పచ్చగుడ్డ పరిచిన ఆ బల్లను బ్రష్షుతో దువ్వడం, వానాకాలం గోదావరి గాలికి గుడ్డ చెమ్మగిల్లి బంతులు నీరసంగా దొర్లుతుంటే బొగ్గుల ఇస్త్రీపెట్టెతో దాన్ని ఆరబెట్టడం ఆయన పని. ఎవరూ లేని మధ్యాహ్నాలు ఒక్కడే ఆడుకుని ఆడుకుని, చివరికి ఆ పెద్దవాళ్లందరినీ ఓడించే స్థితికొచ్చాడు. అది చూసి ముచ్చటపడి ఒక ముసలి ప్లీడరుగారు తన ఇంగ్లండు కర్ర ఆయనకిచ్చేశారు. రోజూ సాయంత్రం బాబాయి దాన్ని పొడిగుడ్డతో తుడిచి, మా వరండా ఎర్రగచ్చు మీద దొర్లించి చూసేవాడు. చప్పుడు లేకుండా, నూనె జారినట్టు, గోడదాకా వెళ్లి ఆగేది. అలా దొర్లితే కర్రలో వంకర లేనట్టుట.

క్లబ్బు పత్రికలోంచి ఒక ఇంగ్లీషు ఆటగాడి బొమ్మ కత్తిరించి తెచ్చి భోజనాల దగ్గర గోడకి అంటించాడు. ఆ పేరు మాకెవరికీ నోరు తిరక్క దొర అనేవాళ్లం. ఆ దొర తండ్రి బస్సు డ్రైవరనీ, పదిహేడో ఏట ఆటనే ఉద్యోగం చేసుకున్నాడనీ, మూడేళ్లపాటు మొదటి ఆటలోనే ఓడిపోయి రైలెక్కి ఇంటికొచ్చేవాడనీ, నాలుగో ఏడు గెలిచి ఇక వెనక్కి చూడలేదనీ బాబాయి గోంగూర ముద్ద చేతిలో ఎండిపోయేదాకా చెప్పేవాడు. మా మామ్మ మాత్రం, "ఆ కర్రకే మూడుముళ్లూ వేసెయ్యరా, వేరే పెళ్లాం ఎందుకు నీకు" అనేది.

నాకు తొమ్మిదో ఏడు. ఆ ఏడు దసరా వెళ్లిన పదిరోజులకి హైదరాబాదులో పోటీ. గెలిచినవాణ్ణి ఇంగ్లండు పంపి అక్కడ ఆడిస్తారని క్లబ్బువాళ్లు చెప్పారు. బాబాయికి ముప్పై దగ్గరపడ్డాయి. ఇంకోసారి ఇలాంటిది రాదని ఆయనకీ తెలుసు, మా అందరికీ తెలుసు.

ఆయుధపూజనాడు మామ్మ అల్లం పచ్చిమిర్చి వేసి గారెలపిండి రుబ్బుకుంటూ, ఇంట్లో పనిచేసే వస్తువు ఒక్కటి కూడా పూజకి తప్పకూడదని నాకు పురమాయించింది. నాన్న సైకిలు కడిగాను. అమ్మ కుట్టుమిషను తుడిచాను. కత్తిపీటకి బొట్లు పెట్టాను. బాబాయి క్లబ్బులో పూజకి వెళ్లాడు, కర్ర మంచం కింద ఉంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ గెలవాల్సింది అదే కదా అనిపించింది. కుంకుడురసంతో తోమాను. చేతిచెమట మరకలు వదలకపోతే నీళ్లగాబులో నిలబెట్టి నానబెట్టాను. తర్వాత నిలువునా పసుపు రాసి, కుంకుమ పెట్టి, డాబా మీద ఎర్రటి ఎండలో పిట్టగోడకి చేరవేశాను.

మిట్టమధ్యాహ్నం బాబాయి వచ్చి చూశాడు.

"ఎవరు కడిగారే?"

"నేనే బాబాయ్. మురికి పోలేదని నానబెట్టాను కూడాను."

కర్ర కిందికి తెచ్చి గచ్చు మీద దొర్లించాడు. టకటకా ఎగిరిపడుతూ, పక్కకి తిరిగిపోయి, సగంలో ఆగిపోయింది.

"బాగా కడిగావమ్మా," అన్నాడు. కర్రని సంచీలో పెట్టేస్తూ, "మామ్మకి చెప్పకు."

నన్ను మెచ్చుకున్నాడనే అనుకున్నాను. మాతోపాటు కూర్చుని గారెలు కూడా తిన్నాడు. తోలుసంచీ ఇంట్లోనే వదిలేసి, క్లబ్బు కర్ర పట్టుకుని హైదరాబాదు రైలెక్కినప్పుడు గానీ నేను చేసినదేమిటో నాకు తెలియలేదు.

మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చాడు. చెయ్యి వణికిందని అందరికీ చెప్పాడు. దొర కూడా మొదట్లో ఓడిపోయేవాడు కదా బాబాయ్ అన్నాను.

"ఆ దొరకి నాలుగో ఏడు ఉందమ్మా," అన్నాడు.

మర్నాటికి గోడ మీద బొమ్మ లేదు. ఆ తర్వాత ఆయన ఏ కర్రా పట్టలేదు. పాతికేళ్లపాటు ఇతరుల పాయింట్లు చెబుతూ ఆ బల్ల పక్కనే నిలబడ్డాడు. గెలవలేని ఆటకి ఎన్ని సోకులు పోయాడో అని మామ్మ పోయేదాకా దెప్పేది, ఆయన తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు, నేను వడ్డిస్తూ నోరు మెదిపేదాన్ని కాదు. చెప్పవద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆయనా పోయాడు.

మా అమ్మాయి ఫోనులో ఆ దొరని వెతికి చూపించింది. జుట్టంతా నెరిసింది, ఇంకా ఆడుతున్నాడు. కుర్రతనం నుంచీ ఒకటే కర్రట, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడుట. మా క్లబ్బు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు, ఆ బల్ల ఏమైందో చెప్పేవాళ్లే లేరు, ఎర్రగచ్చు మీద టైల్సు పరిచేశాం. సంచీలోంచి కర్ర తీశాను. కొసనున్న ఇత్తడి పొన్ను కింద పసుపు సన్నటి గీతలా ఇంకా ఉంది. టైల్సు మీద దొర్లించాను.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అని లోపల్నుంచి అమ్మాయి అడిగింది.

ఏం లేదన్నాను.