బాతులకు మధ్యాహ్నం మక్కలు

ఎండాకాలం వచ్చిందంటే చాలు, దగ్గర్లోని పూర్ణలో గోదాములో పనిచేసే మా అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళకు ఫోన్ చేసి తిన్నావా అని నిలదీస్తుంది. అంజూర్ ఫాటాలో ఈ కొత్త బిల్డింగులోకి వచ్చాక వేడి తప్పుతుందనుకున్నాం గానీ, కిటికీ తీస్తే లారీల పొగ, మూస్తే ఉక్క. ఇవాళ పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఫోన్ ఇంకా మోగలేదు. మా అత్తమ్మ బాతులు గుర్తొచ్చాయి.

మగ్గాల పనికి ఊరొదిలి మరాఠీ వాళ్ల గడ్డకు వచ్చిన మేం అప్పుడు నాగావ్‌లో, మా మరమగ్గాల కార్ఖానాను ఆనుకుని ఉన్న రేకుల గదుల్లో ఉండేవాళ్లం. మామయ్య పోయాక అత్తమ్మ మాటలు తగ్గించింది, తిండి అంతకన్నా తగ్గించింది. ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన బాతు పిల్లలతోనే ఆమెకు మళ్లీ నోరు పెగిలింది. కొడుకును కసిరే గొంతుతోనే వాటినీ కసిరేది. మగ్గాల చప్పుడును మించి అరిచే ప్రాణులు భూమ్మీద ఇవేనని మా ఆయన విసుక్కునేవారు.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి బాతులు ముక్కులు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. రెక్కలు వాల్చేసి ఓ మూల కూలబడ్డాయి. మగ్గాల మీద బతికే ఇల్లు కదా, మాకు తెలిసిన వైద్యమే చేశాం. వేడికి దారం పెళుసెక్కి తెగుతుంటే కార్ఖానా కిటికీలు మూసి, నేల తడిపి, తడి గోనెలు వేలాడదీస్తాం. బాతుల గదికీ అదే చేశాం. పైగా రాత్రిపాళీలో మగ్గాలు నడిపేవాళ్లకు గట్టి తిండి పెట్టినట్టు, బలమొస్తుందని అత్తమ్మ నడిమధ్యాహ్నం వాటికి మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, పెట్టింది. అవి మొహం తిప్పుకుంటున్నా బుజ్జగించి మరీ తినిపించింది. సాయంత్రానికి ఒకటి మెడ వాల్చేసింది.

దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆమె కదల్లేదు. అవన్నీ పోతే ఈమె నిలుస్తుందా అని నాకు భయం. మా ఆయన పశువుల డాక్టరుకు ఫోన్ కలిపారు. మేం చేసిందంతా విని డాక్టరు మరాఠీలో తిట్టినంత పని చేశాడు. తిన్న మక్కలు అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుందట. బాతుకు చెమట పట్టదు, రొప్పి ఆ వేడిని వదలాలి. మూసిన గదిలో తడి గాలి నింపితే అదీ సాగదట. పొద్దు గూకి గాలి చల్లబడ్డాకే మక్కలు పెట్టమన్నాడు. పగలు తల మునిగేంత నీళ్లు, కాస్త ఆకుకూర చాలన్నాడు.

గోనెలు పీకేసి కిటికీలు తెరిచాం. మెడ వాల్చినది దక్కలేదు. మిగిలినవి తొట్టిలో తలలు ముంచుకుంటూ మెల్లగా తేరుకున్నాయి. అయినా ఆ ఎండలు పోయేదాకా ప్రతి మధ్యాహ్నం వాటి ముక్కులే చూస్తూ గడిపాను. వాటి ముందు నుంచే అత్తమ్మకు అన్నం పట్టుకెళ్లి, రెండు ముద్దలైనా తినమని బతిమాలేదాన్ని. ఒకరోజు ఆమె పళ్లెం పక్కకు జరిపింది.

"ఏంది బిడ్డా, బాతుకు ఎరుకైంది నాకు ఎరుక లేదా? పొద్దు గూకనియ్, తింట."

నేను నమ్మలేదు. కానీ ఆ సాయంత్రం బాతుల పక్కనే కూర్చుని, మక్క రవ్వతో వండిన గటక అడిగి పెట్టించుకుని తిన్నది. మరికొన్ని ఎండాకాలాలు మాతోనే ఉన్నది.

ఇంతలో ఫోన్ మోగనే మోగింది.

"గట్ల ఖాళీ పేట్ ఉంటే చక్కర్ వస్తది మమ్మీ, కండ్లు తిరిగి పడ్తవ్," అంది అమ్మాయి.

"పొద్దు గూకినంక తింట బిడ్డా," అన్నాను.

కొంచెమన్నా ఇప్పుడే తినమని భయంగా బతిమాలింది. ఆ భయం నాకు తెలుసు, ఒకప్పుడు నాదే. పళ్లెం పట్టుకుని నిలబడ్డవాళ్లను కాలం ఎప్పుడు పళ్లెం ముందు కూర్చోబెడుతుందో తెలియనే తెలియదు.